బీజీఎంఐలో టీడీఎం, ఇతర పోరు మోడ్‌లు: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఫోన్ ఆట మొదలుపెట్టిన కొత్తలో అందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. "నా చేతులు స్పీడ్‌గా లేవు, ఈ ఆట నాకు రాదేమో" అన్నది అందులో మొదటిది. అలా అనుకుని వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కొత్తవాళ్లు చనిపోయేది చాలావరకు నిలబడ్డ చోటు వల్ల: అవతలివాడికి మీరు కనిపిస్తున్నారు, మీకు వాడు కనిపించట్లేదు. చోటు ఎంచుకోవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆడే దశను బట్టి ప్రశ్నలను విడగొట్టాం. మీకు కావలసిన దగ్గర నుంచి చదువుకోండి.

## డౌన్‌లోడ్ చేసే ముందు

బీజీఎంఐ, పబ్‌జీ మొబైల్ ఒకటేనా? ఏది వేసుకోవాలి?

మ్యాపులు, తుపాకులు, ఆట తీరు దాదాపు ఒకటే. పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ భారత్ కోసం విడిగా బీజీఎంఐని తెచ్చింది. 2022 జులైలో అది స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగి వచ్చింది. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో దొరికే బీజీఎంఐనే వేసుకోండి. ఎవరో లింకులో పంపిన ఏపీకే (స్టోర్ బయటి యాప్) ఫైళ్లతో అకౌంట్ పోయే ప్రమాదం ఉంది, ఫోన్‌లోకి దొంగ యాప్ చేరే ప్రమాదం అంతకన్నా పెద్దది.

నా ఫోన్ మామూలుది. ఆడగలనా?

4 జీబీ ర్యామ్ ఉంటే నేర్చుకోవడానికి సరిపోతుంది, 6 జీబీ ఉంటే సుఖంగా ఉంటుంది. 2 జీబీ ఫోన్‌లో ఆట తెరుచుకున్నా, సరిగ్గా కాల్పులు మొదలైన క్షణంలో స్క్రీన్ ఆగిపోతుంది. స్టోరేజీలో కొన్ని జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. నిండిపోయిన ఫోన్‌లో అప్‌డేట్లు సగంలో ఆగిపోతాయి, మ్యాప్ లోడవడమూ ఆలస్యమవుతుంది.

ముందు క్లాసిక్ ఆడాలా, టీడీఎం ఆడాలా?

తుపాకీ చేతికి అలవాటయ్యేదాకా టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్, అంటే రెండు చిన్న జట్ల పోరు). చివరిదాకా బతికినవాళ్లు గెలిచే క్లాసిక్‌లో ఎరాంగెల్ మ్యాప్ మీద 100 మందితో మ్యాచ్ అరగంట సాగుతుంది. అందులో మీరు నిజంగా కాల్చేది రెండు మూడు నిమిషాలే, మిగతాదంతా లూట్ (తుపాకులు, సామాన్లు ఏరుకోవడం), పరుగు. టీడీఎంలో పది నిమిషాల్లోనే ఇరవై ముప్పై ఎదురుకాల్పులు దొరుకుతాయి. తప్పు చేసిన అరనిమిషంలోపే సరిదిద్దుకునే అవకాశం మళ్లీ వస్తుంది.

## మోడ్‌ల సంగతి

టీడీఎం రూల్స్ ఏంటి? ఎలా గెలుస్తారు?

వేర్‌హౌస్ మ్యాప్‌లో నలుగురు వర్సెస్ నలుగురు. ముందుగా 40 కిల్స్ చేసిన జట్టు గెలుస్తుంది. 10 నిమిషాల్లో ఎవరూ 40కి చేరకపోతే ఎక్కువ కిల్స్ ఉన్న జట్టుదే గెలుపు. చనిపోయినా కొన్ని సెకన్లలో మీ వైపు స్పాన్ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర మళ్లీ పుడతారు. లూట్ ఉండదు, తుపాకుల సెట్‌ను ముందే ఎంచుకుంటారు.

దీని వెనక లెక్క ఒకటుంది. మీరు చనిపోయిన ప్రతిసారీ అవతలి జట్టుకు ఒక పాయింట్ వెళ్తుంది. 12 కిల్స్ చేసి 18 సార్లు చనిపోయినవాడు స్కోర్‌బోర్డులో ముందున్నా జట్టును వెనక్కి లాగినట్టే. 7 కిల్స్ చేసి 5 సార్లే పోయినవాడు జట్టుకు మేలు చేసినట్టు. కిల్స్ అంకె ఒక్కటే చూసుకోకండి.

మిగతా అరీనా (చిన్న మైదానపు పోరు) మోడ్‌లు ఏంటి?

గన్ గేమ్‌లో ప్రతి కిల్‌కూ చేతిలో తుపాకీ మారుతుంది, కాబట్టి అన్ని గన్‌ల రుచీ చూడవచ్చు. డామినేషన్‌లో కిల్స్ కన్నా స్థావరాలు పట్టుకోవడం ముఖ్యం. అరీనా మోడ్‌ల జాబితా అప్‌డేట్‌ను బట్టి మారుతుంటుంది. ఒకటి కనిపించకపోతే మీ ఫోన్‌లో లోపం ఉందని కంగారుపడకండి.

నేను చంపుతున్నది మనుషులనేనా, బాట్‌లనా (కంప్యూటర్ నడిపే పాత్రలనా)?

కొత్త అకౌంట్ అయితే మొదటి మ్యాచ్‌ల్లో బాట్‌లు బాగానే ఉంటాయి. బాట్ నేరుగా పరిగెత్తుతుంది, నిలబడి కాలుస్తుంది, గోడ చాటున ఆగి పీక్ చేయదు (తొంగి చూడదు). మొదటి రోజు 20 కిల్స్ వచ్చి, వారం తర్వాత 5 కూడా రాకపోతే మీ ఆట పాడవలేదు. ఎదురుగా మనుషులు వచ్చారు, అంతే.

టీడీఎంలో ఓడిపోతే నా ర్యాంక్ పడిపోతుందా?

బ్రాంజ్ నుంచి కాంకరర్ దాకా ఉండే క్లాసిక్ ర్యాంక్‌కు టీడీఎం గెలుపోటములతో సంబంధం లేదు. నిర్భయంగా ప్రయోగాలు చేయండి.

టీపీపీ (మన పాత్రను వెనక నుంచి చూస్తూ) ఆడాలా, ఎఫ్‌పీపీ (పాత్ర కళ్లతోనే చూస్తూ) ఆడాలా?

మనవాళ్లలో ఎక్కువమంది టీపీపీయే ఆడతారు, మ్యాచ్ కూడా త్వరగా దొరుకుతుంది. టీపీపీలో గోడ చాటు నుంచే బయట ఏముందో చూడవచ్చు. ఎఫ్‌పీపీలో చూడాలంటే తల బయటపెట్టాల్సిందే. దాక్కోవడం, కాచుకోవడం నేర్పేది టీపీపీ, గురి నేర్పేది ఎఫ్‌పీపీ.

## సెట్టింగులు

యూట్యూబర్ సెన్సిటివిటీ (వేలు కదిపితే గురి ఎంత వేగంగా కదలాలనే సెట్టింగు) కోడ్ వేసుకున్నా గురి కుదరట్లేదు. ఎందుకు?

ఆ కోడ్ అతని ఫోన్ సైజుకు, ఫ్రేమ్ రేటుకు, వేళ్లకు సరిపోయేలా తయారైంది. మీది మీరే తయారు చేసుకోవాలి, గంట కూడా పట్టదు. ముందు మూడు రకాల సెన్సిటివిటీ ఏంటో తెలుసుకోండి. కెమెరా సెన్సిటివిటీ కాల్చకుండా చుట్టూ చూసేటప్పుడు పనిచేస్తుంది. ఏడీఎస్ సెన్సిటివిటీ కాలుస్తూ వేలు లాగేటప్పుడు పనిచేస్తుంది. జైరోస్కోప్ సెన్సిటివిటీ ఫోన్ వంచేటప్పుడు పనిచేస్తుంది. స్ప్రే (వరుసగా వదిలే గుండ్లు) పైకి పోతోందని కెమెరా సెన్సిటివిటీ మార్చేవాళ్లు చాలామంది. దానివల్ల ఏమీ మారదు.

ట్రైనింగ్ గ్రౌండ్‌కు వెళ్లి, రెడ్ డాట్ స్కోప్ పెట్టిన ఎం416 తుపాకీతో గోడ మీద ఒక మచ్చను గురిపెట్టి మ్యాగజైన్ మొత్తం కాల్చండి. వేలిని కిందికి పూర్తిగా లాగినా గుండ్లు పైకే పోతుంటే ఏడీఎస్ పెంచండి. గురి మచ్చ కిందికి జారిపోతుంటే తగ్గించండి. ఒక్కోసారి 5 శాతానికి మించి మార్చకండి. అది కుదిరాక, మూడు నాలుగు రెట్లు పెద్దగా చూపే 3ఎక్స్, 4ఎక్స్ స్కోప్‌లకు ఇదే పని విడివిడిగా చేయండి. తర్వాత కనీసం వారం ముట్టుకోకండి. ఓడిన ప్రతిసారీ మారిస్తే చేతికి ఏదీ అలవాటవదు.

జైరో ఆన్ చేయాలా? ఫోన్ ఊగిపోతుంటే తల తిరుగుతోంది.

ఎక్కువకాలం ఆడాలనుకుంటే జైరో నేర్చుకోవడమే మంచిది. బొటనవేలు గురిని పక్కకు తిప్పుతుంటే, రికాయిల్‌ను (కాల్చినప్పుడు తుపాకీ పైకి ఎగరడాన్ని) మణికట్టు చూసుకుంటుంది. కాలుస్తున్నప్పుడు ఫోన్ పై అంచును మీ నుంచి కాస్త ముందుకు వంచితే గురి కిందికి దిగుతుంది. తల తిరుగుతుంటే "ఎల్లప్పుడూ ఆన్" తీసేసి, స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకోండి. మొదటి పది రోజులు మీ ఆట ముందుకన్నా దిగజారుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు.

పడుకుని జైరో ఆడటం కష్టం. మోచేతులు బల్లకో తొడలకో ఆనించి కూర్చోండి.

రెండు వేళ్లతో ఆడితే ఎప్పటికీ గెలవలేనా?

గెలవగలరు. కానీ ఒక ఇబ్బంది ఉంది: కుడి బొటనవేలే గురిపెట్టాలి, అదే కాల్చాలి, అదే దూకాలి. మూడు వేళ్ల పద్ధతిలో ఎడమ చూపుడు వేలు ఫైర్ బటన్ తీసుకుంటుంది. ఆ ఒక్క మార్పుతోనే గురిపెడుతూ కాల్చడం వస్తుంది. నాలుగు వేళ్లలో కుడి చూపుడు వేలుకు స్కోప్ కూడా అప్పజెబుతారు. చిన్న ఫోన్‌లో నాలుగో వేలు స్క్రీన్‌ను కప్పేస్తుంది కాబట్టి మూడుతో మొదలుపెట్టండి. బటన్లు మార్చాక టీడీఎంలోకి దూకకుండా ట్రైనింగ్ గ్రౌండ్‌లో అరగంట తిరగండి.

గ్రాఫిక్స్ ఎంత పెట్టుకోవాలి?

అందం తగ్గించి ఫ్రేమ్ రేటు పెంచుకోండి. గ్రాఫిక్స్ "స్మూత్", ఫ్రేమ్ రేటు మీ ఫోన్ ఇచ్చేంత. "ఎక్స్‌ట్రీమ్" అంటే సెకనుకు 60 ఫ్రేములు. కొన్ని ఫోన్లలో 90, అంతకన్నా ఎక్కువ కూడా వస్తాయి. 60 చూపించి ఫోన్ వేడెక్కాక 35కి పడిపోయే దానికన్నా, నిలకడగా 40 వచ్చే "అల్ట్రా" మేలు. ఫ్రేములు ఊగిసలాడితే రికాయిల్ లాగే అలవాటు చెడిపోతుంది.

ఎయిమ్ అసిస్ట్ (గురిని శత్రువు వైపు కాస్త లాగే సెట్టింగు) చీటింగ్ కాదా?

కాదు. ఆట ఇచ్చిన సదుపాయమే, ఆన్‌లో ఉంచండి.

## తుపాకులు

కొత్తవాళ్లకు ఏ గన్ మంచిది?

ఎం416. మజిల్, గ్రిప్, మ్యాగజైన్, స్టాక్, స్కోప్ లాంటి అదనపు భాగాలన్నీ పడతాయి కాబట్టి అదుపులో పెట్టడం తేలిక. ఎకేఎం ఒక్కో గుండుకు ఎక్కువ దెబ్బ కొడుతుంది. కానీ దానికి గ్రిప్ పడదు, స్టాక్ పడదు, దూరం పెరిగేకొద్దీ చెదిరిపోతుంది. ఎం762 దగ్గరలో భయంకరమైన గన్, రికాయిల్ అంతకన్నా భయంకరం. అది రెండో నెలకు ఉంచుకోండి.

టీడీఎంలో దగ్గరి మూలల కోసం యూఎంపీ45 నమ్మకమైనది. ఊజీ చాలా వేగంగా కాలుస్తుంది. అయితే మామూలు మ్యాగజైన్‌లో 25 గుండ్లే, కన్నుమూసి తెరిచేలోపు ఖాళీ. డీపీ-28లో 47 గుండ్లుంటాయి, ఒక మూలను కాపలా కాయడానికి బాగుంటుంది. రీలోడ్ మాత్రం నెమ్మది. ఎం24, కార్98కే లాంటి బోల్ట్ యాక్షన్ గన్‌లు ఒక్కో గుండుకు ఆగి ఆగి కాలుస్తాయి. మొదటి గుండు తప్పితే దగ్గరున్నవాడు మిమ్మల్ని వదలడు.

స్ప్రే చేస్తే గుండ్లన్నీ ఆకాశంలోకి పోతున్నాయి. ఏం చేయాలి?

తల మీద గురిపెట్టి మొదలెడితే మూడో గుండు నుంచే అన్నీ పైకి పోతాయి. ఛాతీ కింది భాగం నుంచి మొదలెట్టండి. తుపాకీ తానే ఛాతీకి, మెడకు, తలకు ఎక్కుతుంది. కూర్చుని కాలిస్తే రికాయిల్ తగ్గుతుంది, కానీ కదలకుండా కూర్చుంటే సులభంగా దొరికిపోతారు. 30 గుండ్లు ఒకే ఊపులో వదలకుండా, దూరంలో ఉన్నవాడి మీద 5 నుంచి 8 గుండ్ల చొప్పున కాల్చండి. పది అడుగుల లోపల మాత్రం వేలు తీయకండి.

వేర్‌హౌస్‌కు ఏ స్కోప్ పెట్టాలి?

పెద్దగా చేసి చూపని రెడ్ డాట్ లేదా హోలో స్కోప్. 4ఎక్స్ పెడితే దగ్గరికి వచ్చినవాడు స్క్రీన్ అంతా నిండిపోయి, తల ఎక్కడుందో తెలియదు. మూల తిరగగానే ఎదురుపడే దూరంలో అయితే స్కోప్ తెరవకుండానే కాల్చండి. అది తెరుచుకునేలోపే పోరు ముగిసిపోతుంది.

## మ్యాచ్‌లో చనిపోతున్నవాళ్లకు

ఎవడు కొడుతున్నాడో కనిపించకుండానే చచ్చిపోతున్నాను. వాళ్లు హ్యాకర్లా?

అన్నిసార్లూ హ్యాకర్లు ఉండరు. టీపీపీలో కెమెరా మీ పాత్ర కుడి భుజం మీద, వెనకగా ఉంటుంది. కొత్తవాళ్లు గమనించని ఈ చిన్న విషయం మీదే టీపీపీ పోరు మొత్తం నడుస్తుంది.

పెట్టె లేదా గోడ కుడి అంచు దగ్గర నిలబడ్డారనుకోండి. ఒళ్లంతా చాటునే ఉంటుంది, కుడి భుజం మీది కెమెరాకు మాత్రం అంచు దాటి అవతలంతా కనిపిస్తుంది. అవతలివాడికి మీరు కనిపించరు. అతను దగ్గరికి వచ్చాక ఒక్క అడుగు కుడికి వేసి కాలుస్తారు. అదే ఎడమ అంచు దగ్గర నిలబడితే కెమెరాకు గోడే అడ్డు. చూడాలంటే సగం ఒళ్లు బయటపెట్టాలి. అప్పటికే కుడి అంచున కాచుకున్నవాడు మిమ్మల్ని చూస్తూ ఉంటాడు.

అందుకే మూడు అలవాట్లు చేసుకోండి. ఏ చాటు దగ్గరికి వెళ్లినా దాని కుడి పక్కనుంచి బయటికి వచ్చేలా నిలబడండి. ఎడమ నుంచి రావడం తప్పకపోతే నడిచి రాకుండా లీన్ (పక్కకు వంగే) బటన్ వాడండి, తల మాత్రమే బయటికొస్తుంది. ఒకసారి కాల్చిన చోటు నుంచే రెండోసారి పీక్ చేయకండి, అవతలివాడి గురి అప్పటికే అక్కడ ఉంటుంది. సెట్టింగులలో "పీక్ అండ్ ఓపెన్ స్కోప్" ఆన్ చేసుకుంటే లీన్ నొక్కగానే స్కోప్ కూడా తెరుచుకుంటుంది. ఒక వేలి పని తగ్గుతుంది.

గోడ వెనక్కి వచ్చేశాక కూడా చచ్చిపోతున్నాను. ఇదేం అన్యాయం?

పింగ్ వల్ల. పింగ్ 100 ఉందంటే మీ ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారం వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు పడుతోందని అర్థం. ఎకేఎం సుమారు అంత సమయానికి ఒక గుండు వదులుతుంది. మీ స్క్రీన్ మీద మీరు చాటుకు చేరిపోయినా, అవతలివాడి స్క్రీన్ మీద ఇంకా బయటే ఉన్నారు.

60 లోపు పింగ్ హాయిగా ఉంటుంది, 100 దాటితే మూలల దగ్గర పోరులో నష్టపోతారు. వైఫై రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంటే అదే గదిలో కూర్చుని దానికి కలపండి. రెండు గోడల అవతల ఉంటే 2.4 బ్యాండే నిలకడగా ఉండొచ్చు, రెండూ ప్రయత్నించి చూడండి. ఇంట్లో ఇంకెవరైనా సినిమా డౌన్‌లోడ్ చేస్తుంటే పింగ్ 40 నుంచి 200కు ఎగురుతుంది. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆపేయండి, యాప్‌ల ఆటో అప్‌డేట్ ఆపేయండి. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. దాన్నే చాలామంది నెట్ సమస్య అనుకుంటారు.

అడుగుల చప్పుడు అందరికీ వినిపిస్తుందా? నాకెందుకు వినిపించదు?

ఫోన్ స్పీకర్‌లో దిశ తెలియదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, మీరు తిరిగేసరికి మనిషి ఎదురుగా ఉంటాడు. కూర్చుని నడిస్తే మీ అడుగుల చప్పుడు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

పుట్టగానే మళ్లీ చంపేస్తున్నారు. ఏం చేయాలి?

అవతలి జట్టు మీ స్పాన్ దాకా వచ్చేసిందన్నమాట. ఒక్కొక్కరే బయటికి పరిగెత్తితే ఒక్కొక్కరే పోతారు. పుట్టాక కొద్ది క్షణాలు రక్షణ ఉంటుంది. ఆ సమయంలో దగ్గర్లోని పెట్టె చాటుకు చేరి, ఇంకో ఇద్దరు పుట్టేదాకా ఆగండి. ముగ్గురూ ఒకే పక్క దారిలో కలిసి వెళ్తే వాళ్ల వరుస విరిగిపోతుంది.

గ్రెనేడ్ వేస్తే నాకే తగులుతోంది.

పిన్ లాగిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. చేతిలో పట్టుకుని దారి వెతుకుతూ ఉంటే అక్కడే పేలుతుంది. ఎక్కడ వేయాలో ముందే నిర్ణయించుకుని అప్పుడు పిన్ లాగండి. రెండోది, మీ ముందున్న పెట్టె అంచుకు తగిలి వెనక్కి దొర్లడం. ఒక అడుగు వెనక్కి వచ్చి, కాస్త పైకి విసరండి.

రోజుకు ఎంతసేపు ప్రాక్టీస్ చేయాలి?

పది నిమిషాలు ట్రైనింగ్ గ్రౌండ్‌లో స్ప్రే, తర్వాత మూడు నాలుగు టీడీఎంలు చాలు. వరుసగా రెండు ఓడి చిరాకు మొదలైతే ఆపేయండి. ఆ చిరాకులో ఆడే మ్యాచ్‌లు దూకుడు మాత్రమే నేర్పుతాయి.

## టీడీఎం నుంచి క్లాసిక్‌కు

టీడీఎంలో అదరగొడతాను, క్లాసిక్‌లో మొదటి పోరులోనే పోతాను. తేడా ఏంటి?

టీడీఎంలో కాసేపు చాటున ఆగితే హెల్త్ దానంతటదే నిండుతుంది, చనిపోయినా మళ్లీ పుడతారు. క్లాసిక్‌లో ఆ రెండూ అలా దానంతటవే జరగవు. బ్యాండేజ్, ఫస్ట్ ఎయిడ్ కిట్ హెల్త్‌ను 75 దాకానే నింపుతాయి. ఆపైన ఎనర్జీ డ్రింక్, పెయిన్‌కిల్లర్ మెల్లగా నింపాలి. అందుకే పోరు మొదలుకాకముందే ఒక డ్రింక్ తాగి ఉండటం మంచి అలవాటు.

చొక్కా మీద ఏ వెస్ట్ (గుండు దెబ్బను తగ్గించే కవచం) తొడుక్కున్నారన్నది కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. లెవల్ 1 వెస్ట్ 30 శాతం దెబ్బ ఆపుతుంది, లెవల్ 2 అయితే 40 శాతం, లెవల్ 3 అయితే 55 శాతం. మీ గురి ఎంత బాగున్నా, వెస్ట్ లేకుండా లెవల్ 3 వాడితో ఎదురెదురుగా నిలబడితే ఓడిపోతారు. తప్పుకోండి.

ఇక్కడ మూడో జట్టు భయం కూడా ఉంటుంది. మీ కాల్పుల చప్పుడు విని ఇంకొకరు వస్తారు. ఒకడిని నాక్ చేయగానే (గాయపరిచి పడేయగానే) అతని దగ్గరికి పరిగెత్తకుండా రీలోడ్ చేసి, హెల్త్ నింపుకుని, చుట్టూ చూసి కదలండి. అలవాటు పడేందుకు 52 మందితో పావుగంటలో ముగిసే లివిక్ మ్యాప్ బాగుంటుంది.

టీమ్‌తో ఏం మాట్లాడాలి? అందరూ అరుస్తుంటారు.

మూడే చెప్పండి: దిశ, దూరం, శత్రువు పరిస్థితి. "285, రాయి వెనక, ఒకడు నాక్" అంటే నలుగురికీ అర్థమవుతుంది. "అక్కడ అక్కడ, కొట్టు కొట్టు" అంటే ఎవరికీ అర్థం కాదు. పైనున్న దిక్సూచిలో అంకె చదవడం అలవాటు చేసుకోండి. మీరు చనిపోయాక, ఇంకా ఆడుతున్న మీ జట్టువాడికి సలహాలు ఆపేయండి. అతను అడుగుల చప్పుడు వినాలి.

## డబ్బు, వయసు, భద్రత

మా అబ్బాయికి 14 ఏళ్లు. ఆడనివ్వొచ్చా?

18 ఏళ్లలోపువాళ్లకు తల్లిదండ్రుల ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీతో అనుమతి తీసుకునే పద్ధతి, రోజుకు 3 గంటల పరిమితి ఈ ఆటలో ఉన్నాయి. పిల్లలు పెద్దల వయసు వేసి తెరిస్తే ఆ పరిమితి పనిచేయదు కాబట్టి అకౌంట్ మీరే దగ్గరుండి తెరవండి. మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కుంటే మిగతా ముగ్గురి ఆట కూడా పాడవుతుంది, ఇంట్లో గొడవా పెరుగుతుంది. "ఇంకో టీడీఎం, పది నిమిషాలు" అని ముందే లెక్క చెప్పుకోవడం పనిచేస్తుంది. కొత్తవాళ్లతో వాయిస్ చాట్ ఆపేసి, తెలిసిన స్నేహితులతోనే ఉంచండి.

50 రూపాయలు కడితే 1వీ1 (ఒకరితో ఒకరు) రూమ్, గెలిస్తే 90 అంటున్నారు. ఆడొచ్చా?

వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా ఆన్‌లైన్ మనీ గేమ్‌ల నిషేధానికి చట్టం చేసింది. పైగా డబ్బు తీసుకుని బ్లాక్ చేసేవాళ్లే అక్కడ ఎక్కువ. స్నేహితుడితో ఎం24 పోటీ సరదాగా ఉంటుంది. రూమ్ కార్డుతో కస్టమ్ రూమ్ (మీరు పిలిచినవాళ్లే చేరే ఆట) తెరిచి పందెం లేకుండా ఆడుకోండి.

యూసీ (డబ్బు పెట్టి కొనే ఆటలోని నాణేలు) పెట్టి గన్ స్కిన్ (తుపాకీ పై అలంకారం) కొంటే దెబ్బ పెరుగుతుందా?

పెరగదు. రంగు, చప్పుడు, కిల్ చేసినప్పటి హంగు మారతాయి. తక్కువ ధరకు యూసీ ఇస్తామని మీ లాగిన్ వివరాలు అడిగేవాళ్లకు ఏమీ ఇవ్వకండి. ఓటీపీ చెప్పిన మరుక్షణం అకౌంట్ చేజారుతుంది.

నిజంగానే హ్యాకర్ అనిపిస్తే ఏం చేయాలి?

గోడల అవతలి మనిషిని గురితో వెంటాడటం, వరుసగా ప్రతి గుండూ తలకే తగలడం, మనిషి మామూలుకన్నా వేగంగా కదలడం అసలైన గుర్తులు. ఒక్క మంచి హెడ్‌షాట్ గుర్తు కాదు. మ్యాచ్ ముగిశాక ఫలితాల పేజీలో అతని పేరు పక్కన రిపోర్ట్ నొక్కి, కారణం ఎంచుకుని పంపండి. స్క్రీన్ రికార్డింగ్ ఉంటే దాచుకోండి. కసితో మీరూ హ్యాక్ యాప్ వేసుకుంటే అకౌంట్‌తో పాటు ఫోన్ కూడా నిషేధంలో పడవచ్చు. ఆ తర్వాత కొత్త అకౌంట్ తెరిచినా ఆ ఫోన్‌లో ఆడలేరు.